నేను ముందే అక్కడ ఉంటాను

లాంచి అడుగున చేరిన నీళ్ళని నూనె డబ్బాతో తోడి సముద్రంలోకి పారబోస్తున్న కళాసీ చెయ్యి ఉన్నట్టుండి గాలిలో ఆగిపోయింది. డబ్బా నిండా నీళ్ళున్నాయి. అతను పారబోయలేదు. తల తిప్పి జెట్టీ స్తంభాల వైపు చూశాడు. నాకు మొదట భయం వేసింది అప్పుడే. భూమి కదులుతున్న సంగతి నా కాళ్ళకి తెలిసింది ఆ తరవాత.

మా దీవుల్లో భూకంపం చాలాసార్లు కళ్ళు తిరిగినట్టుగా వస్తుంది. ఇంట్లో ఉంటే తలెత్తి ఫ్యాను చూస్తాం. ఫ్యాను ఊగితే భూమి తిరిగినట్టు, ఊగకపోతే మన తల తిరిగినట్టు. వైపర్ దీవి జెట్టీ మీద ఫ్యాను ఎక్కడిది? నా పక్కన గొంతుక్కూర్చుని నీళ్ళలో చేపల్ని చూస్తున్న నాలుగేళ్ళ కొడుకు వెనక్కి పడబోయి నా చీర పట్టుకున్నాడు.

"అమ్మా, ఎవరో తోశారు" అన్నాడు.

జెట్టీ మీద ఉన్నవాళ్ళలో ఎవరు ఇక్కడివాళ్ళో ఎవరు బయటివాళ్ళో ఆ నిమిషంలో తెలిసిపోయింది. మేం ఇక్కడివాళ్ళమంతా ఎక్కడివాళ్ళం అక్కడ నిలబడిపోయాం. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన యాత్రికులు మాత్రం ఇంకా చిప్స్ తింటూ, ఫొటోలు తీసుకుంటూనే ఉన్నారు. నేను లోపల అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను. చిన్న కుదుపైతే ఇరవై లోపే ఆగిపోతుంది. ఇది తొంభై దాటింది. ఆ తరవాత లెక్క తప్పాను.

ఎందుకంటే, పాప నా దగ్గర లేదు.

పాప నా పెద్ద కూతురు. అప్పటికి ఏడేళ్ళు. సోంపేట నుంచి మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, వైజాగ్‌లో ఓడెక్కి మొదటిసారి మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. ఆవిడకి ఊరు చూపించే పని నా మీద పడింది. ఆ ఆదివారం వైపర్ దీవికి తీసుకొచ్చాను. బ్రిటిష్ వాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో పెద్ద జైలు కట్టకముందు ఖైదీల్ని ఇక్కడే గొలుసులతో కట్టి ఉంచేవారు. ఇప్పుడు మిగిలినవి ఇటుక గోడలు, కూలిన గదులు, గుట్ట మీద తెల్ల స్తంభాలతో ఎర్రటి ఉరికంబం ఇల్లు. దూరం నుంచి చూస్తే గుడిలా ఉంటుంది. ఆ ఇల్లు పిల్లలకి చూపించడం నాకిష్టం లేదు. లాంచి దిగగానే వదినకి అదే చెప్పాను.

"ఇంత దూరమొచ్చి ఉరికంబం సూడకుండా ఎల్తే మా ఊర్లో ఏటని సెప్పుకోవాల?" అంది వదిన.

"మీరు చూసి రండి వదినా. పిల్లలకెందుకు అవన్నీ? రాత్రి కలవరిస్తారు."

"ఓలమ్మ! నీ పిల్లలేటి, మైనపు బొమ్మలా? ఎండ తగిల్తే కరిగిపోతారేటి? నువ్విక్కడే కూకో. నానూ, నా మేనకోడలూ ఎల్తాం. కింద జైలు గోడలు సూసి ఒచ్చేస్తాంలే, పైకెక్కం. సరేనా?"

పాప అప్పటికే ఆవిడ చెయ్యి పట్టుకుని గెంతుతోంది. నేను సరే అన్నాను.

కుదుపు ఆగిన కాసేపటికి ఇటుక దారి మీద వదిన కనిపించింది. చెప్పులు చేతిలో పట్టుకుని, కొంగు జారిపోతుంటే కూడా చూసుకోకుండా పరుగెత్తుకొస్తోంది. ఒంటరిగా వస్తోంది.

"పాపేది వదినా?"

"నీ కాడికి రానేదా?" అంది, నా వెనక్కీ పక్కకీ చూస్తూ. "ఊగడం ఊగడమే నా సెయ్యి ఇదిలించుకుని లగెత్తీసింది. గోడ మలుపు తిరిగీసరికి కనిపించనేదు. అమ్మ కాడికే పోనాది అనుకున్నాను గదే!"

నేనూ అదే అనుకున్నాను. భయం వేస్తే ఏడేళ్ళ పిల్ల ఎక్కడికి వెళ్తుంది? అమ్మ దగ్గరికే. అలా అనుకున్నాను కాబట్టి కింద వెతకడం మొదలుపెట్టాను. కొడుకుని చంకనేసుకుని జెట్టీ పక్క రేకుల షెడ్డు చూశాను. నీళ్ళ ట్యాంకు వెనక చూశాను. కూలిన గదుల్లో గది గదికీ వెళ్ళి కేక వేశాను. గోడకి అవతల బురద ఒడ్డు దాకా దిగాను. వదిన ఇంకో వైపు నుంచి "ఓ పాపా, ఓలమ్మా" అని పిలుస్తోంది. ఆవిడ గొంతు నా గొంతు ఒకదానికొకటి తగిలి తిరిగొస్తున్నాయి తప్ప మూడో గొంతు లేదు. ఇరవై నిమిషాలు పోయాయేమో, అరగంటే పోయిందేమో. ఫోను తీస్తే లైన్లన్నీ జామ్.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది ఎంత తెలివితక్కువ పనో అర్థం కాదు.

సునామీ వచ్చిన ఆదివారం మేము బాంబూఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. పాపకి అప్పుడు ఎనిమిది నెలలు. నేను పాపని ఎత్తుకుని కొండదారిన పైకి పరుగెత్తాను. మా అత్తగారు ఇంకో దారిన, స్కూలు మీదుగా పైకి చేరారు. మామగారు మా దారిన పైకి వచ్చి, ఆవిడ కనబడకపోయేసరికి వెతుక్కుంటూ మళ్ళీ కిందికి దిగారు. కలప డిపో నుంచి కొట్టుకొచ్చిన దుంగ ఒకటి ఆయన కాలిని గోడకేసి నొక్కేసింది. ప్రాణం దక్కింది గాని కాలు సరిగా అతకలేదు. ఆస్పత్రి మంచం మీద నుంచే ఆయన మా ఇంటికి ఒక చట్టం చేశారు. భూమి ఊగితే ఎవరూ ఎవరినీ వెతకకూడదు. ఎవరికి వాళ్ళు ఎత్తుకి పరుగెత్తాలి. పైన కలుసుకోవాలి.

సునామీ తరవాత నేల కుంగింది. పోటు వచ్చినప్పుడల్లా మా ఇంటి మెట్ల దాకా ఉప్పునీళ్ళు వచ్చేవి. డాలీగంజ్‌కి మారిపోయాం. పాపకి మాటలు వచ్చిన దగ్గర్నుంచి నేను ఆ చట్టాన్ని ఆటలా నేర్పాను. దాని పేరు 'పైకి' ఆట. నేను చప్పట్లు కొట్టి "ఊగింది!" అంటే చేతిలో ఏముంటే అది వదిలేసి ఇంటి వెనక మిట్ట మీదున్న నీళ్ళ ట్యాంకు దగ్గరికి పరుగెత్తాలి. మొదట్లో పాప సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగి ఏడ్చేది. "అమ్మ రావట్లేదు" అని ఆగిపోయేది. అందుకని ఒక మాట ఇచ్చాను. "నువ్వు వెనక్కి చూడకు. నువ్వు వెళ్ళేసరికి నేను ముందే అక్కడ ఉంటాను." పక్కింటి పెరట్లోంచి అడ్డదారి ఉంది. ఆ దారిన పరుగెత్తి ప్రతిసారీ దానికంటే ముందు ట్యాంకు దగ్గర నిలబడేదాన్ని. పాపకి అది పెద్ద గారడీ. ఇక ఏడవడం మానేసింది. మా మామగారు కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "శభాష్, నా బంగారం ఈపాలి కుక్క కన్నా బేగి ఎల్లింది" అనేవారు.

ఆ ఆట నేర్పినదాన్ని నేను. ఆ రోజు వైపర్‌లో అది గుర్తుకు రానిదాన్ని కూడా నేనే.

లాంచి నడిపే సరంగు వైర్‌లెస్ దగ్గర్నుంచి బయటికి వచ్చి చేతులూపుతూ అరవడం మొదలుపెట్టాడు. "చలో, చలో! జెట్టీకి కట్టి ఉంచొద్దని ఆర్డర్ వచ్చింది. గహరా పానీలోకి, లోతు నీళ్ళలోకి పోవాలి. జల్దీ ఎక్కండి!" యాత్రికులకి అప్పుడర్థమైంది. తోసుకుంటూ ఎక్కేశారు. జనంలో కలిసి పాప ఎక్కేసిందేమోనని నేనూ కొడుకుతో ఎక్కాను. నా వెనకే వదినా ఎక్కింది.

"మా పాప కనపడట్లేదు భయ్యా. ఏడేళ్ళు. పసుపు గౌను."

"ఇటు రాలేదు దీదీ. లోపల చూసుకోండి. దో మినిట్, అంతే."

కిందా మీదా చూశాను. బెంచీల కింద చూశాను. పసుపు రంగు కనిపించిన చోటికల్లా తోసుకుంటూ వెళ్ళాను. ఒకటి ఎవరిదో దుపట్టా, ఒకటి లైఫ్ జాకెట్టు.

"దీదీ! అరవై మంది ఉన్నారు నా లాంచిలో. ఉంటారా, దిగుతారా? ఏదో ఒకటి చెప్పండి!"

కొడుకుని వదిన ఒళ్ళో పెట్టాను. వాణ్ణి ఎత్తుకుని నేను దీవంతా పరుగెత్తలేను, అంతే. పెద్దగా ఆలోచించి చేసిన పని కాదది. వాణ్ణి నీళ్ళ మీద వదిలేస్తున్నానన్న ఆలోచన కూడా అప్పుడు రాలేదు. వదిన మూడు రోజులు ఓడలో వాంతులు చేసుకుంటూ వచ్చిన మనిషి, మళ్ళీ జన్మలో పడవ ఎక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి. వాణ్ణి రెండు చేతులతో పొట్టకి అదుముకుని, "ఎల్లు. నానున్నాను. ఎల్లవే!" అని అరిచింది.

దిగబోతే జెట్టీ నా నడుము ఎత్తున ఉంది. ఎక్కేటప్పుడు తోపులాటలో చూసుకోలేదు. వచ్చి దిగినప్పుడు లాంచి అంచు, జెట్టీ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఒక్క అడుగు వేసి దిగాం. ఇప్పుడు కళాసీ కింద నుంచి నెడితే గాని ఎక్కలేకపోయాను. నీళ్ళు దిగిపోతున్నాయి. అలా దిగిన నీళ్ళు తిరిగి లేస్తాయని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. వెనక నా కొడుకు "అమ్మా" అంటున్నాడు. తిరిగి చూడలేదు. తాడు విప్పిన చప్పుడు, ఇంజను చప్పుడు విన్నాను.

ఇటుక దారి మొదట్లో దీవి చౌకీదారు ఎదురయ్యాడు. ముసలాయన, చేతిలో తాళాల గుత్తి.

"బచ్చీనా? పీలా గౌను? ఊపర్ గయీ బేటీ. ఊగగానే పైకి పోయింది. అరిచినా ఆగలా. ఎవరూ తోడు లేకుండా, అకేలీ."

అప్పుడు తెలిసింది నాకు. అరగంట నుంచీ నేను దీవిలో పల్లపు జాగాలన్నీ వెతికాను. పిల్ల నేను చెప్పినట్టే చేసింది.

ఆ దారి ఎంత దూరమో నాకిప్పటికీ తెలియదు. ఇటుకల మీద నాచు. చెప్పు తెగితే రెండోదీ వదిలేశాను. ఒక మలుపులో చెట్ల సందు నుంచి సముద్రం కనబడింది. జెట్టీ స్తంభాలు మొదలంటా బయటపడి, గవ్వలు పట్టి నల్లగా ఉన్నాయి. బురద వాసన పైదాకా వస్తోంది.

జైలు గోడ చివరి మలుపులో పాప ఎదురొచ్చింది. పైకి కాదు, కిందికి వస్తోంది. మోకాలు చీరుకుపోయి ఉంది. నన్ను చూసి ఆగింది. పరుగెత్తుకొచ్చి అతుక్కుంటుందనుకున్నాను. రాలేదు.

"నువ్వు లేవు" అంది.

"పద, పైకి పద."

"ముందే ఉంటానన్నావు కదా! నేను వెళ్ళాను. నువ్వు లేవు. చాలాసేపు చూశాను. నువ్వు లేవు." ఏడుపు కాదది, కోపం. "నీకేదో అయిందని కిందికొచ్చా."

ఇంకో నిమిషం నేను ఆలస్యమై ఉంటే నా కోసం అది ఆ బురద ఒడ్డు దాకా దిగి ఉండేది. చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. చౌకీదారు మా వెనకే రొప్పుతూ వచ్చాడు.

ఉరికంబం ఇంటి అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం. అక్కడి నుంచి హార్బరంతా కనిపిస్తుంది. లాంచి మధ్య నీళ్ళలో ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ లేచి, మళ్ళీ ఒరుగుతోంది. నా కొడుకు అందులో ఉన్నాడు. ఫోను పని చెయ్యట్లేదు. నీళ్ళు వెనక్కి వచ్చాయి. అలగా కాదు, వంట గిన్నెలో పాలు పొంగినట్టు నిశ్శబ్దంగా లేచాయి. జెట్టీ పలకలు మునిగాయి. రేకుల షెడ్డు లోపలికి వచ్చాయి. నేను అంతకుముందు నిలబడి కేకలు వేసిన గది గుమ్మం దాకా వచ్చి ఆగాయి. మళ్ళీ దిగాయి. మళ్ళీ లేచాయి. లేచిన ప్రతిసారీ చౌకీదారు "బస్, బస్" అంటున్నాడు, పశువుని అదిలించినట్టు.

పాప మాత్రం సముద్రం వైపు చూడట్లేదు. తలెత్తి దూలం చూస్తోంది.

"ఇది ఎందుకు?"

లాంచి దిగినప్పటి నుంచి దాచాలనుకున్నది అదే. ఊయల కట్టడానికి అనో, గంట కట్టడానికి అనో చెప్పొచ్చు. నోట్లోకి వచ్చింది కూడా. దాని ముఖం చూశాక చెప్పలేకపోయాను.

"మనుషుల్ని ఉరి తియ్యడానికి."

"చచ్చిపోతారా?"

"చచ్చిపోతారు."

"వాళ్ళమ్మలు వచ్చేవాళ్ళా?"

"లేదు. వాళ్ళ ఊళ్ళు చాలా దూరం. ఓడ మీద తెచ్చేవారు. అమ్మలకి తెలిసేది కూడా కాదేమో."

"ఊఁ" అని నా చెయ్యి పట్టుకుంది. దిగొచ్చాక అదే మొదటిసారి పట్టుకోవడం.

లాంచి తిరిగి వచ్చేసరికి చీకటి పడబోతోంది. వదిన మొదట ఒక కాలు, తరవాత ఇంకో కాలు జెట్టీ మీద పెట్టి, నేలని చేత్తో తాకి కళ్ళకద్దుకుంది. పాపని చూసి ఒక్క దెబ్బ వేసి, వెంటనే కావలించుకుని ఏడ్చింది. నన్ను చూసి మాత్రం, "నీ కొడుకు నా చీరంతా కక్కీనాడు. నానూ ఆడి మీద కక్కీనాను. సరిపోనాది" అంది.

కొడుకు నా దగ్గరికి రాలేదు. "నువ్వు దిగిపోయావు" అన్నాడు. అన్నాక వదిన మెడ వెనక ముఖం దాచుకున్నాడు.

ఒక్క మధ్యాహ్నంలో ఇద్దరూ చెరొక మాట అన్నారు. నువ్వు లేవు అని ఒకరు, నువ్వు దిగిపోయావు అని ఒకరు.

ఇంటికి వచ్చాక మా ఆయన పిల్లలిద్దర్నీ తడిమి తడిమి చూసి, "అయిపోయింది కదా, ఇంక ఆ సంగతి ఎత్తకు. మర్చిపోతారు" అన్నాడు. అందరూ పడుకున్నారు. మామగారు ఒక్కరే వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"పిల్ల పైకెల్లిందా?" అని అడిగారు.

"వెళ్ళింది మామయ్యా. మళ్ళీ దిగింది."

"ఏల?"

"పైన నేను లేనని."

ఆయన చాలాసేపు కాలు రాసుకున్నారు. తరవాత, "నానూ అందుకే దిగేను గదమ్మా" అన్నారు. అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

నాకు నిద్ర పట్టలేదు. ఆ చట్టంలో తప్పు లేదు. తప్పు నేను దానికి అతికించిన మాటలో ఉంది. ముందే అక్కడ ఉంటానని ఎవరైనా ఎలా మాటిస్తారు? పిల్ల ఏడవకుండా పరుగెత్తాలని ఇచ్చాను. ఆ మాటే దాన్ని మళ్ళీ కిందికి దింపింది. అడ్డదారి లేని చోట నేను ఓడిపోయాను. అలాగని నిజం చెప్తే? అమ్మ రాకపోవచ్చు అని నాలుగేళ్ళవాడికి చెప్పొచ్చా? తెల్లవారుజాము దాకా ఇలా చెప్పాలి, అలా చెప్పాలి అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. పొద్దున అందులో ఒక్కటీ గుర్తు లేదు.

పాలు కలిపి ఇచ్చి ఇద్దర్నీ వంటగదిలో ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"మీకు నేనొక అబద్ధం చెప్పాను" అన్నాను. "పైన ముందే ఉంటానని చెప్పాను కదా. ట్యాంకు దగ్గరికి పక్కింటి పెరట్లోంచి అడ్డదారి ఉంది. అందుకే ముందుండేదాన్ని. నిజంగా భూమి ఊగినప్పుడు నేను ఎక్కడుంటానో నాకే తెలియదు. ముందు రావచ్చు, ఆలస్యంగా రావచ్చు."

పాప గ్లాసు కింద పెట్టింది. "మరి పైన ఎవరూ లేకపోతే?"

"ఎవరైనా పెద్దవాళ్ళ పక్కన కూర్చో. ఎవరూ లేకపోతే ఒక్కదానివే కూర్చో. తమ్ముడు నీతో ఉంటే వాణ్ణి కూర్చోబెట్టు. నేను కనబడకపోతే నాకేదో అయిందని వెతకడానికి దిగొద్దు. నువ్వు పైన ఉన్నావని నాకు తెలిస్తే నేను కింద వెతకను. తిన్నగా నీ దగ్గరికే వస్తాను."

"చీకటి పడితే?" అన్నాడు కొడుకు. నిన్నటి తరవాత నాతో మాట్లాడింది అప్పుడే.

"చీకటి పడినా దిగొద్దు."

"నువ్వు రాకపోతే?"

మా ఆయన గుమ్మంలో నిలబడి వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. నేను పిల్లల ముఖాలే చూశాను.

"రాకపోయినా దిగొద్దు" అని చెప్పాను.